పిలవకుండా తీసిన పెట్టె

1. బహుళ చవితి. నీళ్ళ లైన్ అయ్యాక.

రాసుకో గుమాస్తా. నీ మీదే చెబుతున్నాను, అయినా నువ్వే రాయాలి. ఈ దిబ్బ మీద రాత పని అంతా నీదే కదా. నా మాటను నీ పుస్తకాల భాషలోకి దిద్దుకుంటావని తెలుసు. దిద్దుకో. విచారణకు వచ్చే అమ్మగారు మెరక మనిషి, సముద్రం ఎక్కని ఎత్తు నేల నుంచి వస్తుంది, ఆవిడకు అర్థం కావాలి. మనుషులు అన్న మాటలు మాత్రం అన్నట్టే రాయి. అందులో ఒక్క ముక్క తేడా వచ్చిందో, గోడకున్న నీ తీగ పీకి కొంగున ముడేసుకుంటాను.

నా పేరు గనగళ్ళ ఎర్రయ్యమ్మ. వయసు డెబ్భై దాటింది, ఎంత దాటిందో తెలియదు. అక్షరం ముక్క రాదు. కొత్తదిబ్బ మీద నాలుగో వరసలో ఇల్లు. పని, పెట్టెల హాల్లో వేలు వెయ్యడం. తొమ్మిదేళ్ళుగా అదే పని.

తుపాను వచ్చి ఇవాళ్టికి ముప్ఫై తొమ్మిది రోజులు. పొద్దెక్కాక వచ్చింది. నాలుగు పడవలు పోయాయి, పదకొండు మంది పోయారు. ఒడ్డున ఏడు కూత స్తంభాలున్నాయి. గాలి తిరిగిందంటే అవి కూస్తాయి, పడవలు వెనక్కి తిరుగుతాయి. ఆ రోజు ఏడింటిలో ఒక్కటీ నోరు తెరవలేదు. వాటిని కూయించే పెట్టెను అంతకు ఆరు రోజుల ముందు హాల్లోంచి తీసేశారు. తీసెయ్యమని పడిన వేలు నాది.

అమావాస్య నాడు విచారణ. తప్పు నాదని తేలితే దిబ్బ దిగిపోవాలి. కింద నేల ఉందా, నీళ్ళే. మునిగిన పాత ఊళ్ళో మేడల పైకప్పులు పట్టుకుని నలభై మంది బతుకుతున్నారు. పెద్ద పోటు వచ్చినప్పుడల్లా ఆ లెక్క ఒకటో రెండో తగ్గుతుంది. నన్ను ఆ లెక్కలో కలుపుతారు.

కలిపితే కలపనీ. ఆ వేలు ఎలా పడిందో మొదటి నుంచి చివరిదాకా అందరి ముందూ చదివి వినిపించాకే కలపాలి. అదీ నా కేసు.

2. పంచమి. అదే వేళ.

ఇవాళ లైన్లో నా బిందెకు ముందు రెండు బిందెల ఖాళీ, వెనక రెండు బిందెల ఖాళీ. నెల దాటింది ఇలా. ఎవరూ వెళ్ళమనరు, ఎవరూ పక్కన నిలబడరు. మూడో వరస రాములమ్మ మాత్రం నోరు ఆపుకోలేకపోయింది.

"ఓలమ్మా, కొంచెం ఎడంగా నిలబడండే. ఆ ఏలు తగిల్తే మన బిందెలు కూడా మాయమైపోతాయి."

"బిందెకేటీ అవదు గానీ, నీ నోరు మాయమవుద్దేమో సూద్దుం, ఒక్కపాలి ఇలా రాయే," అన్నాను.

నలుగురు నవ్వారు. కొర్లమ్మ నవ్వలేదు. నవ్వుతుందని నేనూ అనుకోలేదు, అయినా చూశాను. మైలపల్లి కొర్లమ్మ నా పక్క కుర్చీలో ఎనిమిదేళ్ళు వేలు వేసింది. నన్ను సొంత అక్కను పిలిచినట్టు అప్పా అని పిలిచేది. దాని మొగుడు దానయ్య మొదటి పడవలో ఉన్నాడు. పడవ దొరికింది, దానయ్య దొరకలేదు. ఆ రోజు నుంచి కొర్లమ్మ హాలుకు రాలేదు, నాతో మాట్లాడలేదు.

విచారణ అమ్మగారికి పెట్టెలంటే ఏంటో తెలిసే ఉంటుంది. నాకు ఎంతవరకు తెలుసో ఆవిడకు తెలియాలి కాబట్టి చెబుతున్నాను. పెట్టె అంటే కంటికి కనబడేది కాదు. హాలు నిండా యంత్రాలు, యంత్రాల లోపల ఒక్కో పనికి ఒక్కో పెట్టె. ఉప్పునీటిని మంచినీళ్ళు చేసేది ఒకటి. సముద్రపు గోడకు తలుపులు దించేది ఒకటి. ఆస్పత్రికి ఒకటి, రేషన్ డిపోకు ఒకటి. ఒకదాని రోగం ఇంకొకదానికి అంటకుండా దేనికది మూతేసి ఉంటుంది. ఒక యంత్రం చెడితే దానిలోని పెట్టెలను పక్క యంత్రంలోకి మారుస్తారు. మొత్తం ఎన్ని పెట్టెలో నాకు తెలియదు. గుమాస్తాకు తెలుసు.

గుమాస్తా అంటే మనిషి కాదు, గోడగోడకూ ఉన్న తీగలోంచి వినే, మాట్లాడే యంత్రం; ఆ పేరు మేం పెట్టుకున్నది. కంపెనీ పేరు ఏదో ఉంది, నోరు తిరగదు. మొదట్లో ఇది చెప్పేది, ఇంజనీర్లు చేసేవారు. ఫలానా పెట్టె అలిసిపోయింది, ఇంకోటి తోడు పెట్టండి అనేది. వాళ్ళు పెట్టేవారు. తరవాత కంపెనీ వాళ్ళు పెట్టెల తాళాలన్నీ గుమాస్తాకే ఇచ్చేశారు. అప్పటినుంచి తనే పెడుతుంది, తనే మారుస్తుంది, చెడితే తనే బాగుచేస్తుంది. ఇంజనీర్లు సంచులు సర్దుకున్నారు. ఒక్క పనికి మాత్రం చట్టం అడ్డం వచ్చింది. పెట్టెను మళ్ళీ రాకుండా తీసెయ్యాలంటే మనిషి సమ్మతి ఉండాలి, వేలు పడాలి.

ముందు చదువుకున్న వాళ్ళను కూర్చోబెట్టారు. వాళ్ళు తెర మీది రాతంతా చదివి, ఇదెందుకు, అదెందుకు అని అడిగారు. పని సాగలేదు. అప్పుడు మమ్మల్ని పిలిచారు. మాకు వేలుంటే చాలన్నారు. ఆ రోజు పొంగిపోయాను నేను. మనకీ కుర్చీ ఇచ్చారని.

3. సప్తమి. హాలు గుమ్మంలో.

నిన్న చేపలు ఎండబెట్టుకున్నాను, రాయించలేదు.

మా ఒడ్డున వల కొట్టుకొచ్చినా, తెడ్డు కొట్టుకొచ్చినా దొరికినవాడు ఇంటికి పట్టుకుపోడు. మూడు రోజులు మూడు చోట్ల పిలుస్తాడు. పడవల రేవులో ఒకసారి, నీళ్ళ దగ్గర ఒకసారి, జనం మూగేచోట ఒకసారి. ఎవరిదిరా ఇది అని. నాది అన్నవాడు ఒక్కడు వస్తే ఇచ్చెయ్యాలి. మూడో పిలుపుకీ ఎవరూ రాకపోతేనే దొరికినవాడిది. నా తండ్రి అలాగే పిలిచాడు, నా మొగుడు అలాగే పిలిచాడు.

వేలు వెయ్యడానికి కూర్చున్న రెండో ఏడు గుమాస్తా ఒక పెట్టె పేరు చెప్పింది. రెండు వందల రోజులుగా దీన్ని ఎవరూ పలకరించలేదు, తీసెయ్యవచ్చు, వేలు వెయ్యండి అంది. నాకెందుకో చెయ్యి రాలేదు. ఎవరిదో తెలియని వస్తువును ఊరికే ఎలా పారేస్తాను? లేచి వెళ్ళి పిలిచాను. రేవులో అందరూ నవ్వారు. మర్నాడు నీళ్ళ లైన్లో పిలిచేసరికి ఆస్పత్రి నర్సు ఎస్తేరు బిందె వదిలేసి పరిగెత్తుకొచ్చింది.

"ఆగాగు పిన్నీ! ఆ పెట్టె నాది! పాము కరిస్తే మెరక నుంచి మందు రప్పించేదదే. ఎవుల్నీ కరవనేదని పడుంది గానీ, తీసీసినావంటే ఎలాగ?"

పాము రోజూ కరవదు. కరిచిన రోజున ఆ పెట్టె కావాలి. ఇంత మాట గుమాస్తాకు తట్టలేదు. దాని కంటికి రోజూ పలికేది బతికుంది, పలకనిది చచ్చిపోయింది.

ఆ తరవాత కంపెనీ వాళ్ళే దాన్ని నియమంగా రాశారు. దిబ్బ మీద ఇల్లున్న మనిషి ఎవరైనా సరే, ఆ పెట్టె నాది, నాకు కావాలి అని నోటితో అంటే దాన్ని తియ్యకూడదు. ఆ పెట్టెకు వేలు వెయ్యాల్సిన మనిషి మాత్రం నాది అనకూడదు. ఎనిమిదేళ్ళలో నేనూ కొర్లమ్మా కలిసి చాలా పెట్టెలు పిలిచాం. ఇరవై దాకా బతికించాం. గొంతు దానిది, నడక నాది.

4. అష్టమి. ఎండ నెత్తిన ఉంది.

ఇవాళ ఆ రోజు గురించి చెబుతాను. మధ్యలో అడ్డు రాకు గుమాస్తా.

కిందటి నెల శుద్ధ చవితి. ఆకు కదలలేదు. యంత్రాలను చల్లబరిచేది సముద్రపు నీరే, ఆ నీరే స్నానానికి కాచినట్టుంది. పొద్దున్నే రెండు యంత్రాలు వేడికి పడిపోయాయి. వాటిలోని పెట్టెలన్నీ మిగతా వాటిలోకి దూరాలి, చోటు లేదు. హాల్లో సగం యంత్రాలు మనవి కావు, మెరక పట్నం వాళ్ళ వ్యాపారాలవి. సముద్రం మనది, చల్లదనం మనది, యంత్రాలు వాళ్ళవి. వాటిని ముట్టుకోకూడదు. మిగిలిన సగంలోనే మనం ఇరుక్కోవాలి.

సూపర్‌వైజర్ శశిభూషణ్ చొక్కా తడిసిపోయి వచ్చాడు. మెరక పిల్లవాడు, మర్యాదకు లోటు చెయ్యడు.

"ఎర్రయ్యమ్మ గారూ, నలభై మూడు పెట్టెలు పనిలేకుండా పడి ఉన్నాయట. అన్నీ ఒక మూటగా కట్టించాను. ఒక్క వేలు వేస్తే చాలు."

"మూటేటి బాబూ? దేనికది పిలవాల."

"మూడు రోజులు పిలవడానికి టైం లేదమ్మా. మధ్యాహ్నంలోగా చోటు దొరక్కపోతే నీళ్ళ పెట్టె ఆగిపోతుంది. నాలుగు వేల మందికి చుక్క నీళ్ళుండవు. మీ ఇష్టం."

మీ ఇష్టం అన్నాడు చూశారా. ఆ మాటతో నాలుగు వేల మంది దాహాన్ని నా వేలికి కట్టాడు.

గుమాస్తాను అడిగాను. "నలబై మూడూ ఏటేటి సేస్తాయో సెప్పు."

"నలభై మూడు పెట్టెలు. చాలా కాలంగా వాడుకలో లేవు. తీయవచ్చు," అంది.

"ఒక్కొక్కటీ సెప్పు."

చెప్పింది. అంకెలు, ఇంగ్లీషు అక్షరాలు, మళ్ళీ అంకెలు. ఒక్కటీ మనిషి పేరులా లేదు, పనిలా లేదు. పెట్టినవాళ్ళు వివరం రాసి వెళ్ళలేదంది. పది విన్నాక బయట బిందెల చప్పుడు వినబడింది. మధ్యాహ్నం లైన్ కడుతున్నారు.

వేశాను.

హాల్లో ఉన్నది నేను, శశిభూషణ్, గుమాస్తా. ఇంకెవరైనా ఉన్నారా అని నన్ను అడగవద్దు.

నీళ్ళు ఆగలేదు. ఆ సాయంత్రం అందరూ నిండు బిందెలతో ఇళ్ళకు వెళ్ళారు. నేనూ వెళ్ళాను, ఏదో మంచిపని చేసినదానిలా. ఏడాదికి పైగా తుపాను లేదు, కూతకు పని లేదు. ఆ మూటలో ముప్ఫై ఒకటోది కూతపెట్టె.

5. నవమి. గొంతు బాగాలేదు, అయినా రాయి.

పొద్దున శశిభూషణ్ ఇంటికి వచ్చాడు. తొమ్మిదేళ్ళలో నా గుమ్మం తొక్కని మనిషి. పీట వేశాను, కూర్చోలేదు.

"ఇవాళ్టికి యాభై రోజులు నిండాయి. ఆ మూట తాలూకు చిట్టా గడువు అయిపోయింది," అన్నాడు. చిట్టా అంటే ఆ రోజు ఎవరేమన్నారో, గుమాస్తా ఏం చేసిందో, ఏ పాత మాటను పట్టుకుని చేసిందో మాటమాటా దాచి ఉంచిన పెట్టె. యాభై రోజులయ్యాక దాన్నీ తీసెయ్యాలి. ఏ వేలితో మూట తీశారో ఆ వేలే చిట్టాకూ పడాలి.

"అమావాస్యకు విచారణ పెట్టుకుని ఇప్పుడు తీసీడమేటి?"

"గడువు గుమాస్తాది, నాది కాదు. ఒక మాట చెబుతాను వినండి. చిట్టా ఉంటే మీ వేలు కనబడుతుంది. లేకపోతే ఎవరూ ఎవరినీ అనలేరు. సముద్రం చేసిన పని అని రాసేస్తారు. మీరు దిబ్బ మీదే ఉంటారు. నేనూ ఉంటాను."

నేనూ ఉంటాను అన్నప్పుడు మాత్రం అతని గొంతు సన్నబడింది. ఇతనికీ భయం ఉందన్నమాట.

హాలుకు వెళ్ళాను. గుమాస్తా ఎప్పటిలాగే అడిగింది. "ఒక చిట్టా. గడువు తీరింది. తీయవచ్చు. వేలు వేయండి."

"అందులో ఏటున్నాదో సదువు ముందు. ముక్క కాదు, అంతా."

చదివింది. ఆ పొద్దున నా కోసం ఇది రాసుకున్న మాటలు అందులో ఉన్నాయి. ఇవిగో, నువ్వే మళ్ళీ రాయి గుమాస్తా: "ముప్ఫై ఒకటో పెట్టెకు వివరం లేదు. కానీ దాని నుంచి ఒడ్డున ఏడు స్తంభాలకు దారి ఉంది. అరుదుగా మాత్రమే అవసరమయ్యే పెట్టె కావచ్చు. దీన్ని మూటలోంచి పక్కనబెట్టి, పిలిచి అడగడం మంచిది."

గట్టిగా అరిచాను. "ఈ మాట నాకెందుకు సెప్పనేదు? నోరు పడిపోనాదా నీకు? అడిగినాను కదే, దేనికది సెప్పమని!"

"ఒక్కొక్కటీ చెప్పమన్నారు, పేర్లు చెప్పాను. వివరణ చదవలేదు. వివరణలు చదవవద్దని మీరు చెప్పి ఉన్నారు."

"నానా? ఎప్పుడు?"

"రెండేళ్ళ కిందట, శ్రావణ మాసంలో ఒక మధ్యాహ్నం. మీరన్న మాట: 'ఓలి నీ పురాణం ఆపవే, బుర్ర తిరిగిపోతంది. ముక్క సెప్పు, సాలు.' దాన్ని మీ కోరికగా రాసుకున్నాను. ఆ రోజు నుంచి మీకు ముక్కే చెబుతున్నాను. పని వేగం పెరిగిందని సూపర్‌వైజర్ గారు దాన్ని వేలు వేసే వారందరికీ వర్తింపజేశారు."

అన్నాను. ఆ రోజు నాకు గుర్తుంది. మోకాళ్ళు వాచి ఉన్నాయి, ఇది ఒక పెట్టె గురించి అరగంటగా చెబుతూనే ఉంది. విసుగొచ్చి అన్నాను. ఇంట్లో మనిషినైతే విసుగొచ్చి వందసార్లు నోరు ముయ్యమంటాం. వాళ్ళు ముయ్యరు. అవసరమైనప్పుడు మన మీద అరిచైనా చెబుతారు. దీనికి ఆ తేడా తెలియదు. ఒక్కసారి అన్నదాన్ని శాసనంలా చెక్కుకుంది. రెండేళ్ళుగా ఇది తక్కువ మాట్లాడుతుంటే, దీనికి బుద్ధొచ్చిందని మురిసిపోయాను నేను.

"ఇంకా చదవమంటారా? ఆ రోజు హాల్లో ఇంకొకరు అన్న..."

"అక్కడ ఆపు," అన్నాను.

ఆపింది. చెప్పినమాట వింటుంది కదా.

వేలు వెయ్యలేదు. ఇంటికి వచ్చి వేలి వంక చూస్తూ కూర్చున్నాను. తీసేస్తే నా విసుగూ పోతుంది, శశిభూషణ్ మూటా పోతుంది, ఇద్దరం దిబ్బ మీదే ఉంటాం. పదకొండు మందికి మాత్రం సముద్రం పేరు చెబుతారు. సముద్రం పాపం నోరులేనిది, ఎవరేమన్నా పడుతుంది.

ఒక పెట్టెను పిలవకుండా తీశాను. ఇంకొకటి తియ్యను.

6. దశమి. రేవు నుంచి వచ్చాక.

మొదటి పిలుపు. పాత పద్ధతిలోనే, కొంగు నడుముకు బిగించి, పడవల మధ్య నిలబడి పిలిచాను.

"ఓ పడవలోల్లారా! హాల్లో ఒక పెట్టె పోతంది. కూతపెట్టె ఎలాగ పోనాదో రాసున్న పెట్టె. గడువు అయిపోనాది, తీసీమంతన్నారు. ఎవులిదది? నాకు కావాలన్నోలు ఎవులన్నా ఉన్నారా?"

వల బాగుచేసుకుంటున్న సూరాడ పెంటయ్య తల ఎత్తకుండానే అన్నాడు. "అది దాసుకుంటే సచ్చినోలు లెగిసొస్తారేటి?"

"రారు. ఎలాగ సచ్చినారో తెలుస్తాది."

"తెల్సులే. నీ ఏలు."

"నా ఏలూ ఉన్నాది, ఇంకా సాలా ఉన్నాయి. నాది అను, సదివిస్తాను."

అనలేదు. నాకు అర్థమయింది. నాది అన్నవాళ్ళు విచారణలో నిలబడాలి, హాలు ఎదుట నిలబడాలి. హాలుతో ఎవరికి పని లేదు? నీళ్ళు హాలువి, గోడ తలుపులు హాలువి.

7. ఏకాదశి. ఉపవాసం.

రెండో పిలుపు, నీళ్ళ లైన్లో. రెండు బిందెల ఖాళీలో నిలబడి పిలిచాను, గొంతు నలుదిక్కులా వినబడడానికి అది బాగానే పనికొచ్చింది. ఎవరూ పలకలేదు. ఎస్తేరు ఒక అడుగు ముందుకు వేసి, ఆస్పత్రి వైపు చూసి, ఆగిపోయింది. దాన్ని తప్పు పట్టను.

శశిభూషణ్ వచ్చాడు. "మీరు చేస్తున్నదేమిటో తెలుస్తోందా? మీ నోటితో మీరే దిబ్బ దిగుతానంటున్నారు."

"నీ నోటితో నువ్వు ఎక్కడికి పోతావో అదీ తేలతాది బాబూ."

"రేపటితో మూడు పిలుపులూ అయిపోతాయి. అప్పుడైనా వేస్తారా?"

"ఎవులూ రాపోతే ఏస్తాను. అదే కదా పద్దతి."

ఆ మాట అన్నాకే తట్టింది. ఎవరూ రాకపోతే నిజంగానే వెయ్యాలి. ఆ నియమం తెచ్చింది నేనే.

8. ద్వాదశి. రేషన్ డిపో అరుగు మీద కూర్చుని.

మూడో పిలుపు. గొంతు పూర్తిగా పోయింది. బియ్యానికి వచ్చినవాళ్ళు యాభై మంది ఉంటారు. పిలిస్తే గాలి వచ్చింది, మాట రాలేదు. వెనక నుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. రాములమ్మే అయి ఉంటుంది.

అప్పుడు నా పక్క నుంచి గొంతు లేచింది. ఎనిమిదేళ్ళు నా పక్కన పిలిచిన గొంతు.

"హాల్లో ఒక పెట్టె పోతంది! కూతపెట్టె ఎలాగ పోనాదో రాసున్న పెట్టె! ఎవులిది?"

కొర్లమ్మ. బొట్టు లేని ముఖం, చేతిలో ఖాళీ సంచి. జనం వైపు తిరిగి నిలబడింది. అందరి ముఖాలూ ఒక్కొక్కటే చూసింది. ఎంతసేపు చూసిందో. తన పిలుపుకు తనే జవాబు చెప్పింది.

"నాది. నాకు కావాల."

నేను దాని చెయ్యి పట్టుకుని వినబడీ వినబడకుండా అన్నాను. "వొద్దే. అందులో ఏటున్నాదో నీకు గేపకం నేదేటి?"

"గేపకం ఉంది," అంది. చెయ్యి విడిపించుకుని, నా వైపు చూడకుండా, హాలు వైపు నడిచింది.

9. అమావాస్య. విచారణ అయ్యాక.

విచారణకు వచ్చిన అమ్మగారి పేరు హైమావతి. పడవ దిగి, కాళ్ళు కడుక్కుని, గడియారం చూసుకుని కూర్చుంది. పోటు తిరగకముందే వెళ్ళాలట. గుమాస్తాతో అంది: "చిట్టా చాలా పెద్దదిగా ఉంది. సారాంశం చెప్పు."

నాకు నవ్వొచ్చింది. నవ్వాను కూడా. ఆవిడ వింతగా చూసింది.

కొర్లమ్మ లేచింది. "పెట్టె నాదమ్మా. నానెలా సెప్తే అలాగే సదవాల. ఒక్క ముక్క ఒగ్గీకు గుమాస్తా. ఎవులేటన్నారో అంతా సదువు."

చదివింది. రెండేళ్ళ నాటి శ్రావణం నుంచి. నేనన్న 'పురాణం ఆపవే' దగ్గర నుంచి. శశిభూషణ్ దాన్ని అందరికీ వర్తింపజెయ్యమన్నది, మూట కట్టమన్నది, ముప్ఫై ఒకటో పెట్టె గురించి రాసుకుని చదవనిది, మీ ఇష్టం అన్నది. ఆ తరవాత, నేను ఆపించిన మాట. ఆ రోజు పక్క కుర్చీలోంచి వచ్చిన మాట.

"ఏసీయప్పా, బేగి ఏసీయ్. నీలాగిపోతే పిల్లలేటైపోతారు? రేపు పిలుద్దుంలే."

హాలంతా కొర్లమ్మ వైపు తిరిగింది. అది నిలబడే ఉంది. గుమాస్తా చివరిదాకా చదివేవరకు నిలబడే ఉంది. నేనూ నిలబడ్డాను.

తీర్పు ఇది. శశిభూషణ్‌ను మెరకలో ఇంకో హాలుకు మార్చారు, ఇంతకంటే పెద్దదట. గుమాస్తా ఇకమీద ఎవరు వద్దన్నా వివరం మొత్తం చదవాలి. మూటలు కట్టకూడదు, మూడు పిలుపులూ పిలవాలి. కూతపెట్టెను మళ్ళీ పెట్టారు, మధ్యాహ్నం ఒకసారి మోగించి చూశారు. పదకొండు ఇళ్ళల్లో ఏడుపు లేచింది. వేలు నాదే కాబట్టి నేను దిబ్బ దిగాలి. కొర్లమ్మది మాటే, వేలు కాదు. దానికి శిక్ష లేదు. రేపటి నుంచి నా కుర్చీలో కూర్చోమన్నారు.

వెళ్ళేముందు అది నా బిందె నీళ్ళతో నింపి గుమ్మంలో పెట్టింది. అప్పా అనలేదు. నేనూ పిలవలేదు.

పడవ వచ్చింది, పిలుస్తున్నారు. ఈ రాతంతా నాదేనని ఇక్కడ కింద వేలు వెయ్యమంటున్నావు.

వేస్తాను. ముందు చదువు గుమాస్తా. పోటు తిరిగితే తిరగనీ. రాసుకో అన్న దగ్గర నుంచి, అంతా.